ఫోటోల నోము

మన ఇళ్లలో నోములకి కొదవేమిటి? అట్లతద్ది, చిత్రగుప్తుడి నోము, పదహారు ఫలాల నోము, ఏదీ తోచకపోతే మూగనోము. ప్రతి నోముకీ ఒక నియమం, ఒక గడువు, చివర్న ఒక ఉద్యాపన. ఈమధ్య చదువుకుంటున్న ఆడపిల్లల్లోనూ, ఉద్యోగాలు చేసుకుంటున్న ఇల్లాళ్లలోనూ, పిల్లలు రెక్కలొచ్చి ఎగిరిపోయాక మధ్యాహ్నాలు ఖాళీగా మిగిలిన అమ్మల్లోనూ కొత్త నోము ఒకటి బయల్దేరింది. నలుగురైదుగురు కలిసి వారానికొక మాట అనుకుంటారు. నీడ, గుమ్మం, చేతులు, నీరు, ఎరుపు, ఎదురుచూపు, ఇలా ఏదో ఒకటి. ఆ వారం రోజుల్లో ఆ మాటకి తగిన ఫోటో తీసి నలుగురికీ చూపించాలి. ఎన్ని తీసినా సరే, చూపించేది ఒక్కటే. ఏడాదికి 52 వారాలు, 52 ఫోటోలు. ఉద్యాపన నాటికి చెయ్యి తిరుగుతుందని ఆశ.

"ఫోటో తియ్యడానికి నోమెందుకమ్మా? ఫోను ఎత్తి వేలు ఆనిస్తే పడుతుంది కదా!" అని నవ్వేవాళ్లున్నారు. వాళ్లని తప్పుపట్టలేం. వంటింట్లో పోపు మాడుతున్నా ముందు ఆవకాయ జాడీకి ఫోటో తీసే రోజులివి. తియ్యడం ఇంత తేలికైపోయాక అందులో నేర్చుకోవలసింది ఏముంటుంది? చెయ్యి తిరగడమంటే అసలు ఏమిటి తిరగడం? చెయ్యా, కన్నా, మనసా? తమాషాగా మొదలైన ఈ ప్రశ్న తీరా ఆలోచిస్తే అంత తమాషాది కాదని నాకనిపించింది.

ముందు ఈ నియమం సంగతి చూద్దాం. ఏది కావాలంటే అది తీసుకోవచ్చు అన్నప్పుడు మనకేమీ తోచదు. ధనుర్మాసంలో ముగ్గులు తలచుకోండి. "నీ ఇష్టమొచ్చింది వెయ్యి" అంటే గడపలో నిలబడి బుర్ర గోక్కుంటాం. "పదిహేను చుక్కలు, సందుచుక్క ఎనిమిది వరకు" అనగానే వేళ్లు వాటంతటవే కదులుతాయి. చుక్కలు ముగ్గుకి సంకెళ్లు కావు, ఆధారాలు. నెలరోజులపాటు తెల్లవారుజామున చలిలో లేచి వాకిట్లో వంగి ముగ్గులేసిన మన అమ్మమ్మలకి ఈ సంగతి ఎవరూ చెప్పనక్కర్లేకపోయింది. మన అవధానాలు చూడండి. ఒకాయన సమస్య ఇస్తాడు, ఇంకొకాయన నాలుగు మాటలిచ్చి దత్తపది అంటాడు, మరొకాయన ఈ అక్షరం వాడడానికి వీల్లేదని అడుగడుగునా అడ్డుపడుతుంటాడు. ఆ అడ్డంకుల మధ్యనుంచే పద్యం పుడుతుంది. అడ్డంకి లేకపోతే అవధాని గొప్పతనం మనకెలా తెలుస్తుంది? వారానికొక మాట కూడా అలాంటి దత్తపదే.

పాతకాలంలో ఈ నియమం వేరే రూపంలో ఉండేది. దాని పేరు ఖర్చు. ఆగ్ఫా క్లిక్ త్రీ కెమేరా ఇంట్లో ఉన్నవాళ్లకి గుర్తుండే ఉంటుంది. ఒక రీలుకి 12 బొమ్మలు. ఊటీలో హిందుస్తాన్ ఫోటో ఫిలిమ్స్ వారు తయారుచేసిన ఇందు రీలు వేసుకుని, పన్నెండింటినీ పండగకి రెండు, పుట్టినరోజుకి ఒకటి చొప్పున పొదుపుగా వాడుకునేవాళ్లం. ఆ మీట నొక్కేముందు ఎంత ఆలోచన! అబ్బాయి జుట్టు దువ్వారా, వెనకాల తీగమీద లుంగీ ఆరేసి ఉందా, ఎండ కళ్లలో పడుతోందా, అన్నీ చూసుకునేవాళ్లం. ఇవాళ వంద తీసి తొంభైతొమ్మిది పారేసినా పైసా పోదు. డబ్బు పెట్టిన ఆ కట్టుబాటు పోయింది గనక మనకి మనమే ఒక కట్టుబాటు పెట్టుకోవలసి వచ్చింది. ఒక మాట దగ్గర వారంరోజులు ఆగడమే ఆ కట్టుబాటు.

ఆగితే ఏమవుతుంది? అది మా అక్క కూతురిని చూసి తెలుసుకున్నాను. ఆ పిల్ల మొయినాబాదు దగ్గర ఒక బడిలో పాఠాలు చెబుతోంది. ఈ నోము పట్టింది. సెలవురోజున "పిన్నీ, నువ్వూ రా" అంటుంది. నేను మంచినీళ్ల సీసా, పులిహోర డబ్బా పట్టుకుని వెనకాల నడుస్తాను. హైదరాబాదు శివార్లలో పోలీసు అకాడమీ కూడలి దాటి మొయినాబాదు, చేవెళ్ల మీదుగా మన్నెగూడ దాకా పోయే బీజాపూర్ రోడ్డు ఆ పిల్లకి పాఠ్యపుస్తకం.

నిజానికి ఈ నోముకి అంతకంటే మంచి చోటు దొరకదేమో. ‘నీరు’ అన్న వారం ఉస్మాన్‌సాగర్ ఉంది. 1908లో మూసీ వరద హైదరాబాదును ముంచేశాక, మళ్లీ అలాంటి ఆపద రాకుండా కట్టిన చెరువు అది, 1920లో పూర్తయింది. ‘ఎరుపు’ అన్న వారం గులాబీ తోటలున్నాయి. చుట్టుపక్కల ఊళ్ల బంతి, చామంతి, గులాబీ తెల్లారకముందే మూటలు కట్టుకుని గుడిమల్కాపూర్ మార్కెట్టుకి పోతాయి. మన సిగలోకీ, మన దేవుడి పటాలకీ వచ్చేవి అవే. ‘తిరగడం’ అన్న వారం చిలుకూరు బాలాజీ గుడి ఉంది. కోరిక కోరుకున్నవాళ్లు 11 ప్రదక్షిణలు, అది తీరినవాళ్లు 108. లెక్క తప్పకుండా చేతిలో అంకెల కార్డు పట్టుకుని ఒక్కో చుట్టుకీ ఒక్కో గడి కొట్టేస్తూ పోతుంటారు. అక్కడ హుండీ లేదు; కాళ్ల కష్టమే కానుక. ఆ నడిచేవాళ్లని బయటినుంచి చూస్తూ మా పిల్ల, "పిన్నీ, నాది 52 చుట్ల మొక్కు" అంది. బాగానే అంది. అయితే కార్డు మీద గడులు కొట్టడమే ధ్యేయమైపోతే ప్రదక్షిణ అవుతుంది గాని దర్శనం కాదు. ఫోటోల నోముకి ఉన్న మొదటి ప్రమాదం అదే.

రెండో ప్రమాదం ‘చేతులు’ అన్న వారం తెలిసింది. చేవెళ్ల దాటాక రోడ్డుపక్క చేలో టమాటాలు కోస్తున్నారు. ఒకామె చేతులు చూడగానే మా పిల్ల ఆగిపోయింది. మట్టిరంగు పట్టిన వేళ్లు, ఆకుపసరు నల్లగా ఎండిన గోళ్లు, మధ్యలో ఎర్రగా టమాటా. అడగకుండా తీసే పిల్ల కాదు గనక దగ్గరకి వెళ్లి, "అమ్మా, మీ చేతులు ఫోటో తీసుకుంటాను" అంది. ఆమె కోత ఆపి, మమ్మల్ని ఎగాదిగా చూసి, "చేతులే కావాల్నా బిడ్డా? మొఖం వద్దా? మరి చేతులొక్కటే నడ్సుకుంట వచ్చినయా చేనుకాడికి?" అంది. పక్కనున్న ఆడవాళ్లంతా ఘొల్లున నవ్వారు. మేమూ నవ్వాం. కాని ఆ మాట అంతటితో పోలేదు.

ఆలోచించండి. కష్టజీవి చేతులు, ముసలమ్మ ముడతలు, పసివాడి బోసిపాదాలు. ఇలాంటి ఫోటోలు చూసి "ఆహా" అంటాం. ఆ చేతులెవరివి, ఆవిడ పేరేమిటి, రోజుకూలి ఎంత, ఆ ఫోటో సంగతి ఆవిడకి తెలుసా? అడగం. మాటకి తగిన ముక్క దొరికిందని కోసుకుని తెచ్చుకుంటాం, టమాటా కోసినట్టే. మనిషిని ముక్కలుగా చూడటం కళ అవుతుందేమో గాని, మర్యాద అవుతుందా? అలాగని ముఖం తీస్తేనే మర్యాద అని కూడా అననక్కర్లేదు. కొందరు ముఖం వద్దంటారు. ఎవరికి ఎలా కనపడాలని ఉందో వాళ్లనే అడగడం మర్యాద.

ఈ మర్యాద కొత్తగా పుట్టిందేమీ కాదు. హైదరాబాదులో ఆరో నిజాం మెహబూబ్ అలీఖాన్ ఆస్థాన ఛాయాచిత్రకారుడు రాజా దీన్‌దయాళ్. ఆయన 1892లో ఈ నగరంలో ఘోషా స్త్రీల కోసం ప్రత్యేకంగా ఒక జనానా స్టూడియో పెట్టించి, దాన్ని మిసెస్ కెన్నీ లెవిక్ అనే ఇంగ్లీషు ఆవిడకి అప్పగించాడు. పరాయి మగవాడి కంటబడని స్త్రీలు అక్కడికి వచ్చి మరో స్త్రీ ఎదుట కూర్చుని ఫోటో తీయించుకోవచ్చు. అందులో వ్యాపారదృష్టి ఉంటే ఉండనీయండి. ఎదుటివాళ్లు ఎలా కనపడటానికి ఒప్పుకుంటారో దాన్నిబట్టి కెమేరా నడుచుకుంది. 130 ఏళ్లు దాటిన ఆ సంగతి, జేబుకొక కెమేరా ఉన్న ఈ రోజుల్లో మరీ గుర్తుపెట్టుకోదగ్గది.

ఇక ‘నీడ’ అన్న వారం. ఈ వ్యాసం రాయించింది ఆ వారమే.

చేవెళ్ల రోడ్డు మర్రిచెట్ల గురించి మీరు వినే ఉంటారు. నిజాం కాలంలో బాటసారుల కోసం నాటినవి. దాదాపు 46 కిలోమీటర్ల దారికి రెండువైపులా సుమారు 900 మర్రిచెట్లు. అటునుంచి కొమ్మ, ఇటునుంచి కొమ్మ చేతులు చాచి రోడ్డుమీద పందిరి వేస్తాయి. మర్రి వింతచెట్టు. దానికి పువ్వు మనకి కనపడదు. పువ్వులన్నీ పండు లోపలే దాక్కుని పూస్తాయి. వాటిలోకి దూరగలిగే చిన్న పురుగు ఒకటుంది, దాని వల్లే చెట్టుకి గింజ. ఆ పండ్ల కోసం వచ్చే పక్షులకి లెక్కలేదు. ఊడ దిగి నేలనంటితే అదే ఇంకో మొదలవుతుంది.

మొదటిరోజు మా పిల్ల తీసిన ఫోటో చూస్తే మీరు అచ్చు వేయించుకుని గోడకి తగిలించుకుంటారు. పొద్దుటి ఎండ కొమ్మల్లోంచి జల్లెడ పట్టినట్టు దారిమీద పడుతోంది. మనిషి లేడు, బండి లేదు. నిజానికి ఆ రోడ్డుమీద మనిషీ బండీ లేని క్షణం దొరకడమే కష్టం. దానికోసం అరగంట కాచుకుంది. "అయిపోయింది పిన్నీ, ఈ వారం మొక్కు తీరిపోయింది" అంది సంతోషంగా. కాని వారం ఇంకా ఆరు రోజులుంది. రోజూ బడికి వెళ్లేది ఆ దారినే. చూపు ఒకసారి ఒక మాటకి ముడిపడ్డాక ఊరుకోదు కదా. రెండోరోజు ఆ నీడలో మొక్కజొన్న కంకులు కాల్చే అమ్మ కనిపించింది. మూడోరోజు బస్సు కోసం నిలబడ్డ ఆడవాళ్లు, ఆడపిల్లలు. నాలుగోరోజు ఎదురెదురుగా వచ్చి, తప్పుకోవడానికి చోటు చాలక మొదలుని రాసుకుంటున్నట్టుగా పోయిన లారీ, బస్సు. ఆ సాయంత్రం నాకు ఫోన్ చేసింది. "పిన్నీ, నా ఫోటోలో బస్సు లేదు" అంది.

ఎందుకందో నాకు తెలుసు. 2025 నవంబరు 3న ఇదే రోడ్డుమీద, చేవెళ్ల మండలం మీర్జాగూడ దగ్గర, తాండూరు నుంచి హైదరాబాదు వస్తున్న ఆర్టీసీ బస్సును కంకర టిప్పరు ఢీకొట్టింది. తెల్లవారి పనులకీ చదువులకీ బయల్దేరినవాళ్లలో 19 మంది ప్రాణాలు పోయాయి. కంకర మీదపడి పూడుకుపోయినవాళ్లున్నారు. ఆ వార్త చదివిన రోజు ముద్ద మింగుడుపడిన ఇల్లు ఈ చుట్టుపక్కల లేదు.

ఈ రోడ్డు వెడల్పు చెయ్యాలని ఏళ్ల తరబడి అనుకుంటున్నదే. చెట్లు పోతాయని బాధపడిన పౌరులు ఒక్కొక్క మర్రినీ లెక్కపెట్టి, గుర్తులు రాసుకుని, జాతీయ హరిత ట్రిబ్యునల్ దాకా వెళ్లారు. వాదనలు జరిగి జరిగి, చాలా చెట్లను ఉన్నచోటే నిలిపే పద్ధతిలో రోడ్డు వెయ్యాలన్న దారి చివరికి 2025లో దొరికింది. అంతలోనే ప్రమాదం. అప్పుడు విన్నాం రెండువైపుల మాటలూ. "చెట్లు చెట్లు అన్నారు, మనుషులు పోయారు" అని కొందరు. "ప్రాణం తీసింది చెట్టా, టిప్పరా?" అని కొందరు. ఎవరి చేతిలో ఫోటో వాళ్లకుంది. ఒకరి ఫోటోలో పందిరి వేసిన మర్రి, బస్సు లేదు. ఇంకొకరి ఫోటోలో నుజ్జయిన బస్సు, మర్రి లేదు. రెండూ నిజమైన ఫోటోలే. ఏదీ అబద్ధం కాదు. అయినా రెంటిలోనూ ఏదో తప్పిపోయింది.

ఫోటో అంటే నాలుగు అంచులు. అంచు లోపలిదే మనం చూస్తాం. అంచు బయటిది లేదనుకుంటాం. బొమ్మ అందంగా రావాలంటే కొంత వదలక తప్పదు, అది కళాధర్మం. కాని వదిలినదాన్ని మరిచిపోవడం ధర్మం కాదు. వారానికొక మాట నేర్పేది ఇదేనని నాకనిపిస్తుంది. గబగబా ఒక్కరోజులో తీస్తే మనకి నచ్చిన సగమే దొరుకుతుంది. వారమంతా అక్కడక్కడే తిరిగితే, నచ్చని సగం కూడా తానే వచ్చి ఎదుట నిలబడుతుంది. దాన్ని తోసెయ్యకుండా ఉండగలిగితే చెయ్యి తిరిగినట్టు. అందుకే నేను చెట్లు అక్కర్లేదనే వాళ్లతోనూ కలవలేను, బస్సుల్లో తిరగనివాళ్లు నీడ గురించి చెప్పే కబుర్లతోనూ కలవలేను. మహబూబ్‌నగర్ పిల్లలమర్రికి చెదలు పట్టి 2017లో పెద్దకొమ్మ విరిగిపడితే, తర్వాతి ఏడాది మనిషికి ఎక్కించినట్టు సెలైన్ సీసాలు కట్టి మందు ఎక్కించి నిలబెట్టారు. చెట్టుకోసం అంత ఓపిక పట్టగలిగిన మనం, చెట్టునీ మనిషినీ కలిపి నిలబెట్టే రోడ్డు వేసుకోలేమా? పాతికమందీ కూర్చుని ఓపిగ్గా చూస్తే దారి కనపడుతుంది. ఓపిగ్గా చూడటమే మనకి అలవాటు తప్పింది.

ఇంకో మాట. చూడటంలో ఎంత నేర్పరితనం వచ్చినా, కెమేరా దించవలసిన వేళ తెలియకపోతే ఆ నేర్పు ఎందుకూ కొరగాదు. దారిలో ఏదైనా జరిగితే ఇప్పుడు చెయ్యి ముందు ఫోను కోసం పోతోంది, తర్వాత మనిషి కోసం. మన దేశంలో మొదటి మహిళా పత్రికా ఛాయాచిత్రకారిణిగా పేరుపొందిన హోమాయ్ వ్యారావాలా స్వాతంత్ర్యం వచ్చిన రోజుల్ని కళ్లకి కట్టిన మనిషి. కొత్తగా వచ్చినవాళ్ల నడవడి, హుందాతనం లేని ఆ తోసుకోవడాలు నచ్చక 1970లో కెమేరా పక్కన పెట్టేసింది. 2012లో తొంభైఎనిమిదేళ్ల వయసులో పోయేదాకా మళ్లీ ఆ వృత్తి జోలికి పోలేదు. అంతమాత్రాన మనమంతా మానేయాలని కాదు. ఆవిడ దృష్టిలో ఫోటో కంటే పెద్దది ఒకటుంది, అంతే. ఉపవాసం ఉన్న తల్లి కూడా బిడ్డకి జ్వరమొస్తే పూజ మధ్యలోంచి లేస్తుంది. వ్రతం చెడిందని ఏ దేవతా కోపగించుకోదు. అలాగే ఒక వారం ఫోటో లేకపోతే ఏమవుతుంది? 51 అవుతాయి.

ఇంతకీ ‘నీడ’ వారానికి మా పిల్ల ఏది చూపించిందంటారా? మొదటిరోజుది కాదు. ఆరోరోజుది. మర్రిమొదలు సగమే పడింది. దాని నీడలో బ్యాగులు పట్టుకుని నలుగురు ఆడవాళ్లు, అటుపక్క ఇరుకుదారిలో మలుపు తిరుగుతూ బస్సు. అందరి చూపూ బస్సు మీదే. వాళ్లలో ఒకావిడ మాత్రం కొంగుతో మొహం తుడుచుకుంటూ పైన కొమ్మలకేసి చూస్తోంది. బొమ్మలో కుదురు లేదని తోటివాళ్లు పెదవి విరిచారు. మొదటిదే బాగుందన్నారు. బాగున్నమాట నిజమే. "అది బాగుంది, ఇది ఉంది" అంది మా పిల్ల. అంతకంటే నేనేమీ అడగలేదు.

ఉద్యాపన చెయ్యని నోము ఫలించదని మన పెద్దలంటారు. ఉద్యాపన అంటే వాయనం ఇవ్వడం. మనకి దొరికినదాంట్లో ఇంకొకరికి పెట్టడం. ఫోటోల నోముకి వాయనం ఏమిటని నన్నడిగితే, ఎవరి ఫోటో తీశామో వాళ్లకి ఒక ప్రతి అచ్చు వేయించి చేతిలో పెట్టడమే అంటాను. టమాటా చేలో ఆవిడ కూడా ఆనాడు అదే అడిగింది. "ఫోటో దిగుతె నాకొకటి ఇస్తవా బిడ్డా? మా పెద్దోని పెండ్లిల దిగింది ఒక్కటే ఉన్నది నాది. అండ్ల గూడ ఒడ్డుకు నిలవడ్డ, సగమే కానొస్త" అంది. అంచు దగ్గర నిలబడ్డ మనిషి. మా పిల్ల ఆవిణ్ణి టమాటా గంప పక్కన నిలబెట్టి, నిండుగా, పాదాలనుంచి కొప్పుదాకా తీసింది. పేరడిగి, వెనకాల రాసి, చట్రం కట్టించి, పై ఆదివారం తీసుకెళ్లి ఇచ్చింది. ఆవిడ అద్దం తుడిచి, తుడిచి, చాలాసేపు చూసుకుంది.

ఆ ఫోటో 52లో లేదు. ఏ వారానిదీ కాదది.